ర్యాంకింగ్ పట్టికలో కనపడని గణితం ఊళ్లు

ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తున్న పిల్లలు పీహెచ్‌డీ ఆలోచన రాగానే ముందు తెరిచేది యూనివర్సిటీ ర్యాంకింగులు. గణితం విషయంలో అవి సగం దారి తప్పిస్తాయి. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ, ప్యారిస్ పక్కన బ్యూర్ అనే చిన్న ఊళ్లో ఉన్న ఐహెచ్ఈఎస్ అనే పరిశోధనా సంస్థ, బాన్‌లోని మాక్స్ ప్లాంక్ గణిత సంస్థ: ఈ మూడూ యూనివర్సిటీలు కావు, కాబట్టి ఆ పట్టికల్లోకే రావు. 1930లో పుట్టిన ప్రిన్స్‌టన్ సంస్థ డిగ్రీలు ఇవ్వదు, అక్కడ పరీక్షలూ లేవు. శాశ్వత ప్రొఫెసర్లు కొద్దిమందే. మిగతావాళ్లు ఒక సెమిస్టరో, ఏడాదో ఉండి వెళ్లే సభ్యులు. 2018లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న అక్షయ్ వెంకటేశ్ పనిచేసేది అక్కడే.

ఇంకో చిక్కు: ‘గణితంలో నంబర్ వన్’ అనే ఊరే లేదు. ఏ శాఖకు ఆ శాఖే. ప్రాబబిలిటీ, స్టాటిస్టికల్ ఫిజిక్స్ సరిహద్దు పనికి జెనీవా పెద్ద పేరు. 2024లో జియోమెట్రిక్ లాంగ్లాండ్స్ అనే పెద్ద ప్రతిపాదన నిరూపణ అయిదు పేపర్లుగా, ఎనిమిది వందలకు పైగా పేజీల్లో వచ్చింది. రాసినవాళ్లు తొమ్మిది మంది. ముందుండి నడిపిన ఇద్దరిలో గైట్స్‌గోరీ బాన్‌లో, రాస్కిన్ యేల్‌లో. 2025 ఫిబ్రవరిలో త్రిమితీయ కాకేయా సమస్యను (అన్ని దిశల్లోనూ సూది పట్టే ఆకారం ఎంత చిన్నదిగా ఉండగలదన్న ప్రశ్న) తేల్చిన హాంగ్ వాంగ్ అప్పుడు న్యూయార్క్‌లో, జాషువా జాల్ వాంకూవర్‌లో. ఇక బీజింగ్‌ను లెక్కలోకి తీసుకోకపోతే పదేళ్ల కిందటి పటం పట్టుకు తిరుగుతున్నట్టే. ఫీల్డ్స్ మెడలిస్ట్ బిర్కార్ 2021లో కేంబ్రిడ్జ్ వదిలి బీజింగ్‌లోని చింగ్‌హువా యూనివర్సిటీకి వెళ్లాడు.

మరి మీ శాఖ ఊరు పట్టుకోవడం ఎలా? నచ్చిన అంశంలో ఈ మధ్య వచ్చిన మూడు నాలుగు పేపర్లు ఆర్కైవ్ (arXiv, పరిశోధనా పేపర్లు ఉచితంగా దొరికే వెబ్‌సైట్) నుంచి దించుకోండి. సిద్ధాంతం చదవకముందే కృతజ్ఞతల పేరా చదవండి. ఫలానా సంస్థలో ఉన్నప్పుడు ఈ పని మొదలైంది, ఫలానావారి ఆతిథ్యానికి ధన్యవాదాలు అని ఉంటుంది. రచయిత జీతం తీసుకునే చోటు కంటే ఈ పేరాలో ఉన్న చోటే చాలాసార్లు అసలు ఆచూకీ. రెండు మూడు పేపర్లలో ఒకే ఊరు కనపడితే ఆ సంస్థ సెమినార్ పేజీ తెరవండి. మొదటి పేరున్నాయనే ముఖ్యుడు అనుకోవద్దు. గణితంలో పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. బయాలజీ, ఇంజినీరింగ్ అలవాటుతో చూసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఆ ప్రొఫెసర్ ఇప్పటికీ అక్కడే ఉన్నారా అన్నదీ చూసుకోవాలి. పాత వెబ్ పేజీలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి.

జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లోని ఓబర్‌వోల్ఫాక్ గణిత సంస్థది ఇంకో తరహా. వారానికో వర్క్‌షాప్, యాభై మంది దాకా, పిలుపు వస్తేనే ప్రవేశం. భోజనం బల్లమీద పేర్లున్న నాప్‌కిన్లు ప్రతి పూటా చోటు మార్చి పెడతారు, తెలిసినవాళ్లే ఒక జట్టుగా కూర్చోకుండా. పిలుపు రాకపోయినా పర్లేదు, అక్కడి ప్రసంగాల సారాంశాలు నివేదికలుగా ఉచితంగా దొరుకుతాయి. ఒక శాఖలో ఇప్పుడు ఎవరు దేనిమీద ఉన్నారో తెలియాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం.

హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకు టైమింగ్స్: ఆర్కైవ్ కొత్త జాబితా సోమవారం నుంచి శుక్రవారం దాకా మనకు తెల్లవారుజామున 5:30కి వస్తుంది, అమెరికాలో చలికాలం గడియారం నడిచేటప్పుడు 6:30కి. జర్మనీలో మధ్యాహ్నం రెండింటి సెమినార్ మనకు వేసవిలో సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. ప్రిన్స్‌టన్‌లో సాయంత్రం నాలుగున్నరది మనకు అర్ధరాత్రి దాటాక రెండింటికి, చలికాలంలో మూడింటికి. దానికి రికార్డింగే దిక్కు.

2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ మన మాదాపూర్ హెచ్ఐసీసీలోనే జరిగింది, భారత్‌లో మొదటిసారి. అలాగని అది ఊరును పరిశోధనా కేంద్రంగా మార్చేయలేదు. మహాసభ తొమ్మిది రోజులది, వారం వారం నడిచే సెమినార్ వేరే సంగతి. హెచ్‌సీయూ, కంది ఐఐటీ సెమినార్ నోటీసులు ముందు చూడండి. గణిత పరిశోధన జరిగే ముంబై టీఐఎఫ్ఆర్, చెన్నై సీఎంఐ, ఐఎంఎస్సీ సంస్థలు ఒక రాత్రి రైలు దూరం. పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్ వారి ఫౌండేషన్ స్కూళ్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆల్జీబ్రా, ఎనాలిసిస్, టోపాలజీ పునాదులు అక్కడ గట్టిపడతాయి.