డ్రాయింగ్ పీరియడ్ అడగబోయి

పిల్లలకు బొమ్మలు నేర్పే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను వాలంటీర్‌ని. నేర్పడం సగం పనే. స్కూళ్ల చుట్టూ తిరిగి, వారానికి రెండు పీరియడ్లు ఇప్పించండి అని అడగడం మిగతా సగం. మొదట్లో నా దగ్గర ఒకటే మంత్రం ఉండేది: "కళలు నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయండీ!"

ఒక హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి, "ఎక్కడ తేలింది?" అన్నారు. మోజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న కథ గడగడా చెప్పేశాను. ఇంటికొచ్చి చదివితే సిగ్గేసింది. 1993లో వచ్చిన ఆ ప్రయోగంలో ఉన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. మడిచి కత్తిరించిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించడం లాంటి పనుల్లో స్కోరు కాస్త పెరిగింది, అదీ 10-15 నిమిషాల సేపు. అందులో చిన్నపిల్లలూ లేరు, లెక్కలూ లేవు.

ఇంకాస్త వెతికితే అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 42 బడుల్లో చేసిన అధ్యయనం దొరికింది. 2019లో వచ్చింది. ఏ బడుల్లో కళల కార్యక్రమాలు పెంచాలో లాటరీ పద్ధతిలో ఎంచారు. అక్కడ క్రమశిక్షణ చర్యల దాకా వెళ్లిన పిల్లల శాతం 3.6 పాయింట్లు తగ్గింది. రాయడంలో స్కోర్లు కొంచెం పెరిగాయి. లెక్కల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నా మంత్రం అక్కడితో సరి.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 31వ అధికరణం కూడా ప్రయత్నించాను. కళల్లో పాల్గొనడం పిల్లల హక్కని అందులో ఉంది. అది చూపిస్తే అందరూ తలూపుతారు, పీరియడ్ మాత్రం ఇవ్వరు.

అదే హెడ్మాస్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లి, "సార్, నేను చెప్పింది తప్పు" అన్నాను. తెల్ల కాగితం, పెన్సిల్ ముందు పెట్టి, ఎదురుగా ఉన్న కుర్చీ గీయమన్నాను. నవ్వుతూనే గీశారు. నాలుగు కాళ్లూ ఒకే పొడవు, సీటేమో పైనుంచి చూసినట్టు చదరంగా. అందరం అలాగే గీస్తాం, కుర్చీ అంటే ఏంటో ముందే తెలుసు కాబట్టి. "ఇప్పుడు కుర్చీని వదిలేసి, కాళ్ల మధ్య ఖాళీలు మాత్రం గీయండి" అన్నాను. ఆయన కుర్చీ వైపు చూశారు, తల వంచి మళ్లీ చూశారు. ఒక ఖాళీ సన్నగా, పక్కది ఏటవాలుగా వచ్చింది. పది నిమిషాల పాటు ఆ గదిలో మాటల్లేవు. చివరికి కాగితం మీద కుర్చీ నిలబడింది, కొంచెం కుంటుతూ.

మా క్లాసులో జరిగేది ఇదే అన్నాను. చూడటం, తుడిపేయడం, మళ్లీ చూడటం.

వారానికి ఒక పీరియడ్ ఇచ్చారు. "పరీక్షల నెలలో మాత్రం అడగొద్దు" అన్నారు. ఆ నెల కోసమే వచ్చే వారం మళ్లీ వెళ్తున్నా. ఈసారి పిల్లలు గీసిన కుర్చీలు పట్టుకుని.