పడవకు ఏడు చిల్లులు

సెలవు మీద ఒడిశాలోని గోపాల్‌పూర్ వచ్చి నాలుగు రోజులైంది. ఒడ్డున మావయ్య చిరిగిన వల అల్లుతున్నాడు. షార్జాలో ఏం పనిరా అని ఎవరో అడిగితే, నోరు ఊరుకోక "పడవలకి చిల్లులు పెట్టడం" అన్నాను. ఆయన చేతిలో దారం ఆగిపోయింది.

"చిల్లు పూడిస్తే జీతమిస్తారంటే ఇంటాను గానీ అల్లుడూ, పెడితే ఇవ్వడమేటిరా?"

మేం నోళియాలం, చేపలు పట్టే కులం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్లని కాపాడ్డానికి ఋషికుల్య నది మొగ దగ్గర చేపల వేటకి నిషేధం. ఏడు నెలలు ఇంట్లో కూర్చుని ఏం తింటాం? ముత్తాతల కాలంలో ఈ ఒడ్డు నుంచే రంగూన్ ఓడెక్కేవారు. ఇప్పుడు గంజాం కుర్రాళ్లు సూరత్ మగ్గాల మీదికి పోతున్నారు. నాకు ఫైబర్ పని వచ్చు కాబట్టి గల్ఫ్‌కి పోయాను.

మావయ్యకి నేను చెప్పింది ఒక ముసలి సెయిల్‌బోటు సంగతి. 36 అడుగుల ఫైబర్ పడవ, వయసులో నాకన్నా పెద్దది. నీటిమట్టం కింద దానికి ఏడు కంతలు. ఇంజను చల్లబరచే నీళ్లు లోపలికి రావడానికి ఒకటి, టాయిలెట్‌కి రెండు, వంటింటి సింకుకి ఒకటి, చేతులు కడుక్కునే సింకుకి ఇంకోటి, పైన పడ్డ నీళ్లు దిగిపోవడానికి రెండు. ప్రతి కంతలో బయటి వైపు పుట్టగొడుగు టోపీలాంటి ఫిట్టింగు, లోపల ఒక వాల్వు. ఫిట్టింగుని త్రూహల్ అంటారు, వాల్వుని సీకాక్ అంటారు. వాల్వు మూస్తే సముద్రం బయట ఉంటుంది, విరిగితే లోపలికొస్తుంది. రెండడుగుల లోతున అంగుళంన్నర కంత తెరుచుకుంటే నిమిషానికి వంద లీటర్లు దాటి తోస్తుంది.

"అయితే అన్నీ మూసెయ్యండి" అన్నాడు మావయ్య. ఆ పడవలో కాపురం ఉండేవాళ్లు ఒప్పుకోరు కదా!

బయట నుంచి చూస్తే వాల్వులన్నీ బాగానే ఉన్నాయి, కాస్త పచ్చగా చిలుం పట్టాయంతే. సింకు వాల్వు హ్యాండిల్ హాయిగా తిరిగింది కూడా. దాన్ని వదిలేద్దామన్నాను. మా మేస్త్రీ మలయాళీ, అందరం చేట్టా అంటాం. ఆయన మాట్లాడకుండా పైపు తగిలించే ముక్కుని బొటనవేలితో పక్కకి నొక్కాడు. బిస్కెట్టులా విరిగింది. విరిగినచోట జామపండు లోపలి గులాబీ రంగు. ఇత్తడంటే రాగి, జింకు కలిపిందే. ఉప్పునీరు జింకుని తినేసి, గుల్లబారిన రాగిని వదిలేస్తుంది. గల్ఫ్ నీరు మన బంగాళాఖాతం కన్నా ఉప్పన.

పాతవి ఊడదీయడమే అసలు నరకం. నట్టు తిరగదు. బయట టోపీని గ్రైండరుతో అరగదీసి, లోపలికి గుద్ది తియ్యాలి. ఇంజను పక్కన గబ్బిలంలా తలకిందులుగా వేలాడి పని. ఫైబర్ దుమ్ము మెడ మీద పడితే రెండు రోజులు దురద. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి చట్టం. ఆ రెండున్నర గంటలే ప్రాణం నిలబెడతాయి.

కొత్తవి కంచువి. నూటికి 85 పాళ్లు రాగి, తగరం, సీసం, జింకు తలా 5. మొదటిది బిగించినప్పుడు తప్పు చేశాను. స్టోరులో దొరికిన బాల్ వాల్వు తెచ్చి ఫిట్టింగు మీద తిప్పితే మూడు చుట్లకే బిగుసుకుంది. గట్టిగా పట్టిందని మురిసిపోయాను. చేట్టా విప్పి చూపించాడు: ఫిట్టింగు మరలు తిన్నగా ఉన్నాయి, వాల్వు మరలు లోపలికి పోనుపోను సన్నబడ్డాయి. రెండింటికీ జత కుదరదు, రెండు మూడు మరల మీదే మొత్తం బరువు. అమెరికా ప్రమాణం ప్రకారం సీకాక్ లోపలి కొన 500 పౌండ్ల బరువుని 30 సెకన్లు ఓర్చుకోవాలి. అంటే సుమారు 227 కిలోలు. చేట్టా తొంభై కిలోల మనిషే, అయినా ఏడింటికీ కొత్త వాల్వులు పడ్డాక ఒక్కోదాని మీద ఒంటికాలితో నిలబడ్డాడు.

క్రేను పడవని నీళ్లలోకి దించింది. బెల్టులు వదలకుండానే లోపలికి దిగి, ఒక్కో వాల్వు కిందా వేలు తుడిచి చూశాను. పొడి. పొడి. నాలుగోదాని దగ్గర తడి. గుండె జారింది. యజమాని వాల్వు వైపు కాదు, నా మొహం వైపే చూస్తున్నాడు. తీరా చూస్తే పైపు క్లిప్పు వదులు, రెండు తిప్పులతో ఆగింది.

ఆఖర్న ప్రతి వాల్వుకీ మెత్తని కర్రతో చేసిన మొనదేలిన బిరడా ఒకటి తాడుతో కట్టాం. ఏదైనా విరిగితే ఆ కంతలో కొట్టెయ్యడానికి. మిగిలినదొకటి నా సంచిలో ఇంటికొచ్చింది. తీసి మావయ్య చేతిలో పెట్టాను.

అటూ ఇటూ తిప్పి చూసి, లేచి, తన ఫైబర్ పడవ వెనకవైపు నీళ్లు పోయే కంతలో దూర్చి చూశాడు.

"ఓ చుట్టు గుడ్డ చుడితే సరిపోద్ది" అన్నాడు. మళ్లీ నాకివ్వలేదు.