టాలిన్‌లో నా ఓటు

ఎస్టోనియా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు పౌరులకే. మునిసిపల్ ఎన్నికల్లో మాత్రం దీర్ఘకాల నివాస అనుమతి ఉన్న విదేశీయులకూ ఉండేది. ఆ అనుమతి ఊరికే రాదు. ఐదేళ్లు ఇక్కడ ఉండాలి, ఎస్టోనియన్ భాషలో బీ1 అనే మధ్యస్థాయి పరీక్ష గట్టెక్కాలి. పద్నాలుగు విభక్తుల భాష! ఆఫీసయ్యాక క్లాసులకు పోయి నేర్చుకున్నాను. 2021 అక్టోబరు ఎన్నికల నాటికి కార్డు చేతికొచ్చింది.

నేనుండే రాజధాని టాలిన్‌లో మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు, 79 మంది కౌన్సిల్ సభ్యులు ఎన్నుకుంటారు. మన జిల్లాలో నిలబడ్డవాళ్లలో ఒక మనిషికి ఓటేయాలి. నాకు కావలసినవి చిన్న విషయాలే: పాపకు కిండర్‌గార్టెన్‌లో సీటు, చలికాలంలో కాలిబాటల మీద మంచు తీయడం. అవి తేల్చేది నగరపాలకులే కదా. వాటి గురించి ఎవరేం చెప్పారో చదివి ఒకావిడను ఎంచుకున్నాను.

ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో వేశాను. కంప్యూటర్‌కు తగిలించిన రీడర్‌లో ఆ కార్డు పెట్టి మొదటి పిన్ కొడితే అభ్యర్థుల జాబితా వచ్చింది. పేరు ఎంచుకుని రెండో పిన్ కొట్టాను, అది సంతకంతో సమానం. స్క్రీన్ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే నేనెంచుకున్న పేరే కనబడింది. ఆన్‌లైన్ గడువు ముగిసేలోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. పక్కన నిలబడి ఎవరైనా బలవంతపెట్టినా తర్వాత మార్చేయొచ్చు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. గుంటూరులో అమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. "వేలికి సిరా పెట్టకపోతే ఓటేసినట్టు ఎట్లా నాన్నా?" అంది.

సెంటర్ పార్టీకి 38 స్థానాలొచ్చాయి, మెజారిటీకి రెండు తక్కువ. సోషల్ డెమోక్రాట్లతో పొత్తు కుదిరాక మిహాయిల్ కోల్వార్ట్ మేయర్‌గా కొనసాగారు.

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా పౌరులకు ఇక్కడ ఓటేమిటన్న చర్చ ముదిరింది. 2025 మార్చిలో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించింది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల పౌరులందరికీ ఓటు పోయింది, అందులో నేనూ ఉన్నాను. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, పక్కనున్నది రష్యా. అయినా కష్టపడి సంపాదించుకున్న హక్కు పోతే బాధగానే ఉంటుంది. పన్ను కడుతున్నాను, పాప ఇక్కడే చదువుతోంది.

ఇక మిగిలిన దారి ఎస్టోనియా పౌరసత్వం. దానికి భారత పౌరసత్వం వదులుకోవాలి. నేనూ మా ఆవిడా ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.