పదమ్ పదమ్... పద పద

మొన్న అంట్లు తోముతూ ఏదో కూనిరాగం తీస్తున్నా, నాలుగు గిన్నెలయ్యాక గానీ తెలీలేదు అది ఆస్ట్రేలియా పాప్ గాయని కైలీ మినోగ్ పాడిన ‘పదమ్ పదమ్’ అని. 2023 మేలో ఆ పాట వచ్చినప్పుడు ఒక్కసారి విని, ఆఁ ఏముంది ఇందులో, ఒకటే ముక్క పట్టుకుని తిప్పి తిప్పి అంటోంది అని పక్కన పడేసిన దాన్ని నేనే. ఇప్పుడు చూస్తే చేతిలో స్క్రబ్బర్ కూడా అదే తాళంలో తిరుగుతోంది.

మన చెవులకి ఇంకో తంటా కూడా ఉంది లెండి. పదం అనగానే మనకి క్షేత్రయ్యన్నా గుర్తొస్తాడు, డిక్షనరీ అన్నా గుర్తొస్తుంది. ఇక్కడ ఆ రెండూ కావు, అది గుండె చప్పుడు. మనం దడదడ అంటాం చూడండి, అలాగన్నమాట. 1951లో ఎడిత్ పియాఫ్ అనే ఫ్రెంచి గాయని ఇదే పేరుతో ఒక పాట పాడింది, ఆ ట్యూన్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, పేరొక్కటే కలిసింది. ఆవిడ పాటలో ఒక రాగం మనిషి వెంటపడి ఎంతకీ వదలదు, ఇందులోనేమో క్లబ్బులో అటువైపు నించున్న మనిషి మనసులో ఏముందో కైలీ గుండె ముందే పసిగట్టేస్తుంది. నాకైతే వినగా వినగా ఎవరో వెనకనించి ‘పద పద’ అని తోస్తున్నట్టే వినపడుతోంది, డాన్స్ పాటకి ఇంతకంటే మంచి పేరు ఇంకోటి ఉండదేమో.

పాట రాసింది ఇనా వ్రోల్డ్‌సెన్, లాస్ట్‌బాయ్, ప్రొడ్యూస్ చేసింది కూడా ఆ లాస్ట్‌బాయే. మొత్తం రెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు, అంతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే అసలు సంగతి తెలుస్తుంది, అడుగున బేస్ కాస్త బరువుగా, చీకటిగా కొట్టుకుంటూ ఉంటుంది, పైన ఈవిడ గొంతేమో మెషీన్లో వేసి తీసినట్టు నున్నగా, ఏ కంగారూ లేకుండా. గుండె దడదడ గురించి పాడుతున్న మనిషి గొంతులో దడ అస్సలు లేదు! ఆ దడంతా కింద బీట్ చూసుకుంటుంది. మొదటిసారి నేను మిస్సయింది ఇదే, గొంతులో ఫీల్ లేదు అనుకున్నా, ఫీల్ ఎక్కడ పెట్టారో చూడలేదు. వీడియో సోఫీ ముల్లర్ తీసింది, అందులో కైలీ తల నుంచి కాళ్ల దాకా ఎరుపే, అదీ బాగానే ఉంటుంది గానీ పాటకి వీడియోతో పెద్దగా పన్లేదు.

ఇక పాట జనంలోకి వెళ్లిన తీరు చూడండి, అది ఇంకో కథ. బ్రిటన్‌లో బీబీసీ రేడియో 2 వేసింది, రేడియో 1 మాత్రం మొదట్లో ప్లేలిస్టులో పెట్టలేదు. రేడియో 1 లెక్క ఏంటంటే వాళ్ల శ్రోతలు 15 నుంచి 29 ఏళ్లవాళ్లు, ఈవిడేమో పాట వచ్చిన పది రోజులకి 55లో పడింది. లెక్క లెక్కే, కాదనను. కానీ ఈలోపు ఆ వయసు పిల్లలే ఫోన్లలో ఈ పాట పెట్టుకుని గంతులేశారు, జూన్‌లో వచ్చే ప్రైడ్ నెల, అదే ఎల్జీబీటీ వాళ్ల పండగ నెల, అది కూడా కలిసొచ్చింది, ఎవరేం అడిగినా జవాబు ‘పదమ్’ అనే స్థాయికి వెళ్లింది, హలో అంటే పదమ్, సరే అంటే పదమ్, తిట్టుకీ పదమే. పాట మెల్లగా ఎక్కుతూ ఎక్కుతూ యూకే చార్టులో 8వ స్థానానికి వచ్చింది, 2011 తర్వాత కైలీకి అక్కడ టాప్ టెన్ దొరకడం అదే మొదటిసారి. అప్పటికి రేడియో 1 కూడా తలుపు తీసింది. 80లు, 90లు, ఆ తర్వాత మూడు దశాబ్దాలు, ఐదింట్లోనూ టాప్ టెన్ పాట ఉన్న ఆడవాళ్లని వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, పొగిడేవాళ్ల దగ్గర. ‘ఈ వయసులో కూడా’ అని మొదలెడతారు. ఈ వయసులో కూడా ఏంటండీ? మనింట్లో పిన్ని ఫంక్షన్లో నాలుగు స్టెప్పులేస్తే చప్పట్లు కొట్టినట్టు కొడుతున్నారు. రేడియో వాళ్లు వయసు చూసి పక్కన పెడితే తప్పట, వీళ్లు వయసు చూసి నెత్తిన పెట్టుకుంటే ఒప్పట! పాట ఎలా ఉందో చెప్పినవాళ్లు ఎంతమంది? ఆ గొంతు చల్లగా ఉండి బీట్ వేడిగా ఉండటం 25 ఏళ్ల అమ్మాయి చేసినా అంతే బాగుండేది. ఆ మాటకొస్తే ఒకే ముక్క తిప్పి తిప్పి పాడటం కైలీకి కొత్త కూడా కాదు, 2001లో ‘కాంట్ గెట్ యూ అవుట్ ఆఫ్ మై హెడ్’తో ఊపేసింది కూడా ఇలాంటి లాలాలతోనే కదా.

2024 ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది, పాప్ డాన్స్ రికార్డింగ్ అని ఆ ఏడే కొత్తగా పెట్టిన విభాగంలో మొట్టమొదటి అవార్డు ఈ పాటకే. ఆవిడకి అంతకుముందు వచ్చిన గ్రామీ 2004లో, అంటే సరిగ్గా ఇరవై ఏళ్ల గ్యాప్.

అలాగని పాటలో వంకల్లేవని కాదు. రెండో చరణం ఏదో ఉండాలి కాబట్టి ఉన్నట్టుంటుంది, ఇన్నిసార్లు విన్నా నా నోటికి రాలేదు, అక్కడికొచ్చేసరికి లలలా అనేసి, గిన్నె తిరగేసి నీళ్లు ఒంపేసి, మళ్లీ పదమ్ దగ్గర అందుకుంటా.