టీ నగర్‌లో పానగల్ పార్కు ఎవరిదో తెలుసా

నెల్లూరోళ్లకి మద్రాసు పక్కూరే, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. వెళ్లింది పెళ్లి చీరలకి. చీరల గురించి రాసేదేం లేదు, రేట్లు మండిపోతున్నాయి అంతే. దిగంగానే ఆటో అతను టీ నగర్‌కి నాలుగొందలన్నాడు, బేరమాడితే మూడొందల యాభై. ఆ స్టేషన్ పేరేమో 2019 నుంచి పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్, కోడ్ మాత్రం ఇప్పటికీ మద్రాసు రోజుల నాటి ఎంఏఎస్సే. బోర్డుల మీద అన్నా సాలై అని ఉన్న రోడ్డుని మా ఆటో అతను దారంతా మౌంట్ రోడ్ అనే అన్నాడు.

ఆడవాళ్లు షాపులోకి పోయాక నేను పానగల్ పార్కులో కూర్చున్నా. ఫోన్లో నా తెలుగు విని పక్క బెంచీ పెద్దాయన "ఏ ఊరు నాయనా" అన్నాడు. ఆయన పుట్టి పెరిగింది ఈ పక్కనే మాంబళంలో, ఇంట్లో తెలుగు, చదువు తమిళం. ఈ పార్కు ఎవరి పేరో తెలుసా అని అడిగాడు, నాకు తెలీదు. "మన కాళహస్తి ఆయన కదా, పానగల్ రాజా" అన్నాడు. అసలు పేరు పానగంటి రామరాయణింగారు, బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టర్, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. టీ నగర్‌లో టీ అంటే త్యాగరాయ, పిట్టి త్యాగరాయ చెట్టిగారు, ఆయనా తెలుగాయనే, 1920లో ఆ పదవి ఇస్తామంటే వద్దన్నాడు. నేను చిన్నప్పట్నుంచీ మా నాన్న చెయ్యి పట్టుకుని ఈ వీధుల్లోనే తిరిగా, ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదే అని నిజంగా బాధేసింది.

మాట కులాల మీదికి పోయింది. వీధి పేర్లలో కులం తీసేయడం తమిళనాడులో ఎంజీఆర్ రోజుల్నుంచే ఉంది, 2025 అక్టోబర్‌లో మళ్లీ జీవో ఇచ్చారు, ఆ వెంటనే కోయంబత్తూరు అవినాశి రోడ్డులో పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి ఆ ఊరి పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు పేరు పెట్టేసరికి ఇదేంటని గొడవ. పెద్దాయన జీవోకి వ్యతిరేకం కాదు, కానీ నాయుడు తీసేస్తే జి.డి. ఎవరో ఎవరికి తెలుస్తుంది అంటాడు. మనిషి పేరుని అలాగే ఉంచి, వీధికి ఉత్త కులం పేరుంటే తీసెయ్యాలి, నాకు అదే న్యాయం అనిపిస్తుంది. మనవైపు ఎన్ని ఊళ్లలో బ్రాహ్మణ వీధి, కోమటి వీధి ఇంకా అలాగే లేవూ, మాలపల్లి మాదిగపల్లి సంగతి సరేసరి, వాటి జోలికి ఎవరూ పోరు.

మా జిల్లాకి 2008లో పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు. ఆయన 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలింది ఇక్కడి మైలాపూర్‌లోనే. మాతో షాపింగ్‌కి వచ్చిన పిల్లల్ని అడిగితే ఒక్కడికీ తెలీదు.

పార్కు గేటు దగ్గర అందరికీ కనపడేలా తమిళం, తెలుగు, ఇంగ్లీషుల్లో నాలుగు లైన్లు వేయాలి, 1921లో ఉద్యోగాల్లో అన్ని వర్గాలకీ వాటా ఇమ్మని జీవో తెచ్చింది పానగల్ రాజా ప్రభుత్వమేనని కూడా అందులో ఉండాలి. కార్పొరేషన్ వేయించినా సరే, ఇక్కడి తెలుగువాళ్లు చందాలేసుకుని వేయించినా సరే, నా వంతు నేనిస్తా.