గ్రేడు కన్నా గీత

చాలాకాలం నాకు అమెరికన్ కామిక్స్ సేకరణ అంటే గ్రేడే, అంటే ప్రతి ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి పదికి వేసే మార్కు. 9.6 చేతిలో ఉన్నా 9.8 కోసం వెతకడం, పుస్తకం వెన్ను మీద సన్నని ముడత ఉందేమోనని దీపం కింద తిప్పి తిప్పి చూడడం. గ్రేడు వేసిన ప్రతిని ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తారు. ఇక దాన్ని తెరిచి చదివేది లేదు.

ఇటీవల ఒక మూలచిత్రం కొన్నాను, అంటే అచ్చు వెయ్యడానికి చిత్రకారుడు చేత్తో గీసిన అసలు కామిక్ పేజీ. అందులో పేరున్న హీరో ఎవరూ లేరు. 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవున్న మందపాటి అట్ట. సిరా కింద లేత నీలం పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి; అచ్చుకు తీసే ఫొటోలో ఆ నీలం పడదు కాబట్టే దానితో గీసేవారు. ఒకచోట బొమ్మలోని చెయ్యి కుదరక తెల్లరంగు పూసి మళ్లీ గీశారు. అక్కడ వేలికి ఎత్తు తగులుతుంది. చిత్రకారుడి ఆలోచన మారిన క్షణం అది!

ధరల్లో పుస్తకానిదే పైచేయి, నిజమే. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లు పలికింది. స్పైడర్‌మ్యాన్ నల్ల దుస్తుల్లో ఉన్న ఒక మూలచిత్రం పేజీ 2022లో 33.6 లక్షల దగ్గర ఆగింది. కానీ అచ్చుప్రతికి జోడు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, గీసిన పేజీకి దొరకదు. పైగా ఒకప్పుడు ప్రచురణ సంస్థలు ఈ పేజీలను గీసినవారికి తిరిగి ఇచ్చేవే కావు. మార్వెల్ హీరోలెందరినో గీసిన జాక్ కర్బీ అంతటివాడు కూడా తన పేజీల్లో కొన్నింటి కోసం 1987 దాకా పోరాడాల్సి వచ్చింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

నా దగ్గరున్న 9.8 ప్రతుల్లో రెండింటిని అమ్మకానికి పెడుతున్నాను. ఆ డబ్బుతో మరో పేజీ కొంటాను.