గుర్తింపు కార్డు చెల్లే రోజుల్లోనే: కళాశాల చివరి వారాల్లో నా అనుభవం

చివరి సెమిస్టరులో పరీక్షలు, ప్రాజెక్టు సమర్పణ, ఉద్యోగ ప్రయత్నాలు మూడూ ఒకేసారి మీద పడతాయి కాబట్టి, ఆఖరి వారాలు ఎలా గడిచాయో తెలియకుండానే గడిచిపోతాయని మా సీనియర్లు ప్రతి సంవత్సరమూ చెప్పేవారు. ఆ మాటలు మనసులో ఉండడం వల్ల, నా వంతు వచ్చినప్పుడు ఒక కొలబద్ద పెట్టుకున్నాను. విద్యార్థిగా ఉన్నంతకాలం మాత్రమే చేయగలిగి, గుర్తింపు కార్డు చెల్లకుండా పోయిన మరునాటి నుంచి చేయలేని పనులు ఏవి? ప్రయాణాలు, సినిమాలు, విందులు పట్టా పుచ్చుకున్న తరువాత కూడా చేసుకోవచ్చు. పాఠం చెప్పినవారి గది తలుపు తట్టి లోపలికి వెళ్లడం, గ్రంథాలయం చందా కడుతున్న పరిశోధన పత్రికలను ఇష్టమైనంత చదువుకోవడం, ప్రయోగశాలలో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవడం, వరండాలో ఎదురైన వారితో ప్రత్యేకంగా పనేమీ లేకపోయినా నిలబడి మాట్లాడడం మాత్రం ఆ తరువాత అంత సులభంగా కుదరవు. మిగిలిన వారాలను వీటికే కేటాయించాలని నిర్ణయించుకున్నాను.

ముగింపు గురించి ఆలోచిస్తే దిగులు పెరుగుతుందని, ఆ ఊసెత్తకుండా రోజులు గడపడమే మేలని నా స్నేహితుల్లో కొందరు అనేవారు. నేను వారితో ఏకీభవించలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త జైమీ కర్ట్జ్ 2008లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి అంతకుముందే చదివి ఉన్నాను. ఆమె చివరి ఏడాది కళాశాల విద్యార్థులను తీసుకుని, పట్టా పుచ్చుకునే రోజు చాలా దగ్గరలో ఉందని కొందరి చేత, ఇంకా చాలా సమయం ఉందని మరికొందరి చేత ఆలోచింపజేసి, కళాశాల జీవితం గురించి రాయించారు. రెండు వారాల తరువాత చూస్తే, సమయం కొద్దిగానే మిగిలిందని భావించినవారు కళాశాల కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నారు, వారి సంతోషమూ ఎక్కువగా పెరిగింది. సమయం తక్కువన్న ఎరుక మనిషిని కుంగదీయడానికి బదులు కదిలిస్తుందన్న ఆ ఫలితం నాకు ఎంతో ధైర్యమిచ్చింది. అందుకే క్యాలెండరును గోడకు తగిలించి, పరీక్షలు లేని సాయంత్రాలన్నిటినీ గుర్తుపెట్టుకున్నాను.

మొదట కాగితాల పని ముగించాను. అది ఆసక్తికరమైన పని కాకపోయినా, వెనక్కి నెట్టినకొద్దీ మిగిలిన వారాలను అదే మింగేస్తుంది. పట్టాకు కావలసిన క్రెడిట్లన్నీ నా ఖాతాలో నమోదయ్యాయా లేదా అన్నది విభాగ కార్యాలయంలో కూర్చుని ఒక్కొక్క కోర్సు వారీగా సరిచూసుకున్నాను. స్నాతకోత్సవంలో వేదిక ఎక్కినంత మాత్రాన పట్టా మంజూరైనట్టు కాదని, చాలా సంస్థల్లో ఆ రెండు తేదీలూ వేరువేరుగా ఉంటాయని అక్కడి సిబ్బంది వివరించారు. గ్రంథాలయానికి ఇవ్వవలసిన పుస్తకాలు, ప్రయోగశాల పరికరాలు తిరిగి ఇచ్చి నో డ్యూస్ పత్రం తీసుకున్నాను. చిన్న బకాయి మిగిలినా ట్రాన్స్‌క్రిప్టు ఆగిపోవచ్చు కాబట్టి ఈ పనిని పరీక్షలకు ముందే పెట్టుకోవడం మంచిది. పట్టాపై ముద్రించబోయే పేరు, పాస్‌పోర్టులోని పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయా అన్నది కూడా అప్పుడే చూసుకున్నాను. ముద్రణకు ముందు ఒక దరఖాస్తుతో సరిపోయే సవరణకు, ముద్రణ తరువాత నెలలు పట్టవచ్చు. విదేశంలో చదువుకో ఉద్యోగానికో వెళ్లే ఆలోచన ఉన్నవారికి పత్రాలపై అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని ఇతర దేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర, అవసరం కావచ్చు కనుక, ఈ ముద్రను గుర్తించే 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఆ దేశం ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. లేకపోతే రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరణ చేయించుకోవలసి వస్తుంది.

కాగితాల కంటే నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది కళాశాల ఇచ్చిన ఈమెయిల్ ఖాతా మీద. కాలేజీలో చేరినప్పటి నుంచి రాసిన ప్రతి అసైన్‌మెంటు, అధ్యాపకులు చేసిన సవరణలు, బృందంగా చేసిన ప్రాజెక్టుల ఫైళ్లు, ఛాయాచిత్రాలు అన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. అవి ఎప్పటికీ అక్కడే ఉంటాయనుకోవడానికి లేదు. విద్యాసంస్థలకు ఇస్తూ వచ్చిన అపరిమిత నిల్వను ఆపివేసి, ఒక్కో సంస్థకు మొత్తం మీద 100 టెరాబైట్ల ఉమ్మడి నిల్వను పెడుతున్నట్టు గూగుల్ 2021లో ప్రకటించిన తరువాత, చాలా విశ్వవిద్యాలయాలు పూర్వ విద్యార్థుల ఖాతాలను మూసివేయడమో కుదించడమో చేశాయి. మా ఖాతాలు ఎంతకాలం తెరిచి ఉంటాయో కంప్యూటర్ కేంద్రాన్ని అడిగి తెలుసుకున్నాను. ఆ తరువాత ఉత్తరాలను, డ్రైవ్‌లోని ఫైళ్లను వ్యక్తిగత ఖాతాకు మార్చి, మరో ప్రతిని హార్డ్ డిస్కులో పెట్టుకున్నాను. భద్రపరచడంలో మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, వాటిలో ఒకటి వేరే చోట అన్న నియమాన్ని కంప్యూటర్లతో పనిచేసేవారు పాటిస్తారు. నేనూ అదే పాటించాను.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఫైళ్లను కాపీ చేసుకోవడం ఒక పని అయితే, ఆ చిరునామాతో తెరిచిన ఇతర ఖాతాలను గుర్తుచేసుకుని మార్చడం అంతకంటే పెద్ద పని. ఉద్యోగ దరఖాస్తుల సైట్లు, గిట్‌హబ్, లింక్డ్‌ఇన్ వంటివాటిలో పాత చిరునామా ఒక్కటే ఉంటే, పాస్‌వర్డు మరిచిపోయిన రోజున తిరిగి లోపలికి వెళ్లే దారి ఉండదు. ఇన్‌బాక్సులో ధ్రువీకరణ ఉత్తరాలన్నిటినీ వెతికి, వచ్చిన ప్రతి సైటులోనూ వ్యక్తిగత చిరునామాను చేర్చాను.

చివరి వారాల్లో నాకు అన్నిటికంటే విలువైనవిగా మిగిలినవి అధ్యాపకులతో గడిపిన సాయంత్రాలు. సిఫారసు లేఖ కావాలని అడగడానికే చాలామంది వారి గదికి వెళతారు. నేనూ అడిగాను, కానీ అడిగే పద్ధతి గురించి ముందుగా ఆలోచించుకున్నాను. వందలమంది విద్యార్థులకు పాఠం చెప్పేవారికి ఒక్కొక్కరి పనితీరు ఎప్పటికీ గుర్తుండాలని ఆశించడం న్యాయం కాదు. అందువల్ల వారి కోర్సులో నేను రాసిన వ్యాసం, వచ్చిన మార్కులు, ప్రాజెక్టులో నా వంతు పని, ముందు ఏం చేయాలనుకుంటున్నానో వివరించే ఒక పేజీ, వీటన్నిటినీ కలిపి ఇచ్చి, “నా గురించి బలంగా రాయగలనని మీకు అనిపిస్తేనే రాయండి సర్” అని అడిగాను. కాదనడానికి అవకాశం ఉంచి అడిగినప్పుడు, అవునన్న మాటను నమ్ముకోవచ్చు. పై చదువులకు రెండు మూడేళ్ల తరువాత వెళ్లాలనుకునేవారు కూడా అధ్యాపకులతో ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచాలి. నేను అడిగిన అధ్యాపకుడు నా ఎదురుగానే కొన్ని అంశాలు రాసి పెట్టుకుని, అవసరమైనప్పుడు గుర్తుచేయమన్నారు.

అయితే లేఖ సంగతి పక్కన పెడితే, ఆ గదుల్లో జరిగిన సంభాషణల కోసమే మళ్లీ మళ్లీ వెళ్లాను. మార్కులతో ఇక పని లేని విద్యార్థితో అధ్యాపకులు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. మాకు గణాంక శాస్త్రం చెప్పిన మేడమ్, తాను ఏ సమస్య మీద పనిచేస్తూ మధ్యలో వదిలేశారో, దాన్ని మళ్లీ ఎందుకు అందుకున్నారో ఒక సాయంత్రం పూర్తిగా చెప్పారు. తరగతి గదిలో ఇన్నేళ్లు వినని విషయమది. ఈ రంగంలో నేను తప్పక చదవవలసినవేమిటో అడిగితే, ఆమె బల్ల మీది కాగితం తీసుకుని పేర్లు రాసిచ్చారు. వాటిలో చాలావరకు చందా ఉంటే తప్ప తెరుచుకోని పత్రికల్లోనివే. గ్రంథాలయ ప్రవేశం ఇంకా ఉన్నందువల్ల అన్నిటినీ చదవగలిగాను. చదివినవాటిపై రాసుకున్న నోట్సు నా దగ్గర ఉంది. గ్రంథపాలకురాలిని అడిగితే, కొన్ని డేటాబేసులు పూర్వ విద్యార్థులకు కూడా అందుబాటులో ఉంటాయని, వాటికి విడిగా నమోదు చేసుకోవాలని చెప్పి, ఆ పని అక్కడికక్కడే చేయించారు.

దగ్గరి స్నేహితుల కోసం సమయం ఎలాగూ దొరుకుతుంది. చాలామంది వదిలేసేది ముఖపరిచయం ఉన్నవారిని. ఒకే ల్యాబులో పక్క బల్ల దగ్గర కూర్చున్నవారు, చర్చా సంఘంలో అప్పుడప్పుడు కలిసినవారు, వేరే విభాగంలోనివారు, కళాశాల విడిచిన తరువాత మళ్లీ ఎదురుపడే సందర్భం దాదాపు లేనివారు వీరు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఇలాంటి పలుచని పరిచయాల బలాన్ని చూపించారు. పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని ఆయన అడిగితే, ఆ పరిచయస్థుణ్ణి తరచుగా కలుస్తున్నవారు 16.7 శాతం మాత్రమే ఉన్నారు. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం. దగ్గరివారికి తెలిసిన సంగతులు సాధారణంగా మనకూ తెలిసినవే అయి ఉంటాయి, దూరపు పరిచయస్థులు మాత్రం మనకు తెలియని లోకం నుంచి కబురు తెస్తారని ఆయన వివరణ. ఉద్యోగం కోసమే మనుషులను పలకరించడం నాకు నచ్చదు, నేను పలకరించింది అందుకోసం కాదు కూడా. పేరు మాత్రమే తెలిసిన ఒక మనిషి ఇన్నేళ్లు ఏం చదివారో, ఎక్కడికి వెళుతున్నారో అడిగి తెలుసుకోకుండా వెళ్లిపోవడం నాకు లోటుగా తోచింది. మధ్యాహ్నం భోజనాల వేళ రోజుకొకరి పక్కన కూర్చుని మాట్లాడాను. వెళ్లేముందు చిరునామాలు ఇచ్చిపుచ్చుకున్నాం.

మా ప్రాజెక్టును తరువాతి ఏడాది విద్యార్థులకు అప్పగించడం కూడా ఆ వారాల్లోనే జరిగింది. పరికరం ఎక్కడ మొరాయిస్తుందో, ఏ కొలత నమ్మదగినదో, మేము ప్రయత్నించి పక్కన పెట్టిన పద్ధతులేవో నివేదికలో సాధారణంగా కనబడవు. వాటినే ప్రధానంగా రాసి, జూనియర్లను కూర్చోబెట్టి ఒకసారి మొత్తం నడిపించి చూపించాను. ఫలించని ప్రయత్నాల వివరాలు కూడా రాసి ఉంచడం తరువాత వచ్చేవారికి మనం చేయగల అతి పెద్ద సాయమని నేను గట్టిగా నమ్ముతాను.

వీడ్కోలు సభలు, ఫొటోలు, ఆటోగ్రాఫులు అందరికీ జరిగినట్టే నాకూ జరిగాయి, అవి సంతోషంగానే గడిచాయి.

స్నేహితుల విషయంలో మాత్రం కొంత ఆలోచించి నడుచుకున్నాను. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగంలో, పాల్గొన్నవారు ఒకసారి 14 డిగ్రీల చల్లని నీటిలో 60 సెకన్లు చెయ్యి ఉంచారు. మరోసారి అదే 60 సెకన్లకు తోడు మరో 30 సెకన్లు ఉంచారు, ఆ సమయంలో నీరు నెమ్మదిగా 15 డిగ్రీలకు చేరింది. రెండింటిలో ఏది మళ్లీ చేస్తారని అడిగితే, బాధ ఎక్కువసేపు ఉన్న రెండో దాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారు, ఎందుకంటే దాని ముగింపు కాస్త మెరుగ్గా ఉంది. అనుభవం జ్ఞాపకంలో నిలిచే తీరును దాని చివరి భాగం అంతగా శాసిస్తుందన్నమాట. మా బృందంలో ఇద్దరు ప్రాజెక్టు పనుల పంపకం దగ్గర మాటామాటా అనుకుని, నెలల తరబడి ముభావంగా ఉన్నారు. వారిద్దరూ అలాగే విడిపోతే, అంతకుముందు కలిసి చదువుకున్న రాత్రులన్నీ ఆ ముభావం చాటునే గుర్తుండిపోతాయని నాకు అనిపించింది. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి ఈ సంగతే చెప్పాను. చివరి పరీక్ష తరువాత అందరం కలిసి నడవడానికి వెళ్లినప్పుడు వారిద్దరూ వెనకబడి చాలాసేపు మాట్లాడుకున్నారు.

కలుసుకుంటూ ఉందామని అందరూ అనుకుంటారు, తేదీ మాత్రం ఎవరూ చెప్పరు. కాబట్టి అదే రోజున మేము నెలలో ఒక ఆదివారం సాయంత్రాన్ని వీడియో కాల్ కోసం నిర్ణయించుకుని, ఏ నెల ఎవరు పిలుపు పంపాలో వంతులు వేసుకున్నాం. ఉద్యోగాల వేళలు కుదరక కొన్ని నెలల్లో ఇద్దరో ముగ్గురో మాత్రమే వచ్చినా, పిలుపు పంపే వంతును ఇప్పటివరకు ఎవరూ దాటవేయలేదు. వచ్చే నెల వంతు నాది.